డ్యూటీ పోయిన ఇంటికి సోలెడు బియ్యం

త్రినాథరావు గారి జీపుకి ముందు ఒక ఎర్ర పలక ఉండేది. దాని మీద హిందీలో ‘పూర్వ విధాయక్’ అని, అంటే మాజీ ఎమ్మెల్యే అని రాయించాడు. విధాయక్ అన్న అక్షరాలు సొరకాయలంత, పూర్వ అన్న ముక్క ఆవగింజంత. ఎన్నికల్లో ఓడిపోయి నాలుగేళ్ళు కావస్తున్నా బిలాస్‌పూర్‌లో సగం మంది ఆయన్ని ఇంకా విధాయక్‌జీ అనే పిలిచేవారు. మిగతా సగం మంది ఆయన వినని చోట ఏమని పిలిచేవారో రాస్తే ఈ కథ అచ్చు కాదు. నేను ‘గారు’ అని రాస్తున్నది కూడా గౌరవంతో కాదు, మూడేళ్ళ ఉద్యోగం అంటించిన అలవాటు.

దయాల్‌బంద్‌లో ఆయన ఇంటి ముందుగదే ఆఫీసు. టైపు కొట్టడం, ఫోన్లు కలపడం, ఏ అధికారి కూతురికి పెళ్ళో, ఎవరి తల్లికి కంటి ఆపరేషనో గుర్తుచేయడం నా పని. ఓడిపోయిన తరవాత ఆయన్ని ఒక సేఠ్ చేరదీశాడు. ఆ సేఠ్‌కి మంగ్లా వైపు పొలాలు కొని ప్లాట్లు వెయ్యాలని కోరిక. పొలం ప్లాటు కావాలంటే భోపాల్ దాకా చాలా బల్లలు దాటాలి. ఆ బల్లలు దాటించడానికి త్రినాథరావు గారికి జీపు, జీతం, ఒక విజిటింగ్ కార్డు ఇచ్చాడు. కార్డు మీద ‘సలహాదారు, ప్రభుత్వ సంబంధాలు’ అని ఉండేది. మా అమ్మకి చదివి వినిపిస్తే నవ్వింది.

“పెబుత్వానికి సంబందాలు సూడ్డవేటే? దానికింకా పెళ్ళి అవ్వలేదేటి?”

ఆ పని ఆయన బాగా చేసేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అధికారి ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమీ అడిగేవాడు కాదు. రెండోసారి కూడా అడిగేవాడు కాదు. మూడోసారి అధికారే “ఏం పని మీద వచ్చారు?” అని అడిగేవాడు. పని అయ్యాక అది తన వల్ల అయిందని ఎక్కడా అనేవాడు కాదు. “చూడు జ్యోతీ, ఈ ధంధాలో నాలిక మడిచి జేబులో పెట్టుకోవాలి. ఎవరు చేశారో చెప్పిన రోజున ఇంక ఎవరూ చెయ్యరు” అని నాకు పాఠం చెప్పేవాడు. నేను శ్రద్ధగా విన్నాను. విన్నది ఎప్పుడు పనికొస్తుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మా నాన్న నూకరాజు గూడ్సు బండి డ్రైవరు. మాది విజయనగరం దగ్గర ఊరు, తాతల నాడే ఇంజను బొగ్గు వెంట ఇక్కడికి వచ్చాం. ఎనభై ఒకటిలో సమ్మె జరిగినప్పుడు షెడ్ గేటు దగ్గర నూనె డ్రమ్ము ఎక్కి, మైకు పట్టుకుని, “ఒక్క ఇంజను కదిలిందంటే నా శవం మీదుగానే” అని అరిచిన మనిషి త్రినాథరావు గారే. అప్పుడాయన యూనియన్ సెక్రటరీ. ఇంజన్లు కదలలేదు. మా నాన్నతో పాటు చాలామంది ఉద్యోగాలు పోయాయి. సెక్రటరీ గారి ఉద్యోగం మాత్రం పోలేదు. సమ్మె మొదలయ్యే ముందురోజే ఆయన సిక్‌లో ఉన్నట్టు రైల్వే ఆసుపత్రి కాగితం సిద్ధంగా ఉందట. గొంతు చించుకుని అరిచిన మనిషికి ఏం జబ్బో ఆ డాక్టరుకే తెలియాలి.

క్వార్టరు ఖాళీ చేయించారు. ఉద్యోగాలు పోయినవాళ్ళందరూ పట్టాలకు అవతల గుడిసెలు వేసుకున్నారు. అదే తెలుగు బస్తీ అయింది. క్వార్టర్ల నాటి నుంచీ మావాళ్ళ ఆనవాయితీ ఒకటుంది. ఎవరికైనా డ్యూటీ పోతే, సస్పెండు కానీ, బండి కింద కాలు తెగడం కానీ, ఆ వారంలో ఇంటికో సోలెడు బియ్యం పట్టుకెళ్ళి ఆ ఇంటి గుమ్మంలో పెట్టిన ఒక గిన్నెలో పోసి వస్తారు. నోరెత్తి ఒక్క మాట అనరు. పోయించుకున్నవాళ్ళు వద్దనకూడదు. ఇది ముష్టి కాదు, కట్టుబాటు అని పెద్దవాళ్ళు అనేవారు. కావచ్చు. మా గిన్నెలో బియ్యం పడిన రోజు మా నాన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆఖరి మనిషి వెళ్ళిపోయేదాకా ఇటు తిరగలేదు. అమ్మ ఆ రాత్రి ఆ బియ్యమే వండింది, ఆయన తినలేదు.

ఎనభై ఐదులో త్రినాథరావు గారు ఎమ్మెల్యే అయ్యాడు. డ్యూటీలు పోయినవాళ్ళంతా ఆయన జెండాలు మోశారు. గెలిస్తే మా ఉద్యోగాలు తిరిగి ఇప్పిస్తానన్నాడు. మా నాన్న ప్రతి సోమవారం దయాల్‌బంద్ వెళ్ళేవాడు. “రేపు రమ్మన్నారు” అని ఒకసారి, “నెలాఖరుకి అయిపోద్దన్నారు” అని ఒకసారి, చెప్పుకుంటూ వచ్చేవాడు. మధ్యలో బొగ్గు లారీల దగ్గర లోడింగ్ కూలికి వెళ్ళేవాడు. ఇంజను నడిపిన మనిషి తట్టతో బొగ్గు మోశాడు. ఎనభై ఎనిమిదిలో ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. పోయేముందు కూడా త్రినాథరావు గారి మీద పరుషంగా ఒక్క మాట అనలేదు. “ఆయనేటి సేస్తాడు పాపం, పైవోళ్ళు ఇనొద్దా” అన్నాడు.

తరవాత త్రినాథరావు గారే కబురుపెట్టి నాకు ఈ ఉద్యోగం ఇచ్చాడు. బస్తీ అంతా మెచ్చుకుంది. మా అమ్మ అప్పలనర్సమ్మ షెడ్ గేటు ఎదురుగా దిబ్బరొట్టెల బండి నడుపుతుంది. ఆ రోజు మొదటి రొట్టె ఆయన పేరు చెప్పి కుక్కకు వేసింది. మొక్కు అది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుక్కకే సరిగ్గా ముట్టిందనిపిస్తుంది.

అసలు సంగతి తొంభై మూడు వానల్లో తెలిసింది. సేఠ్ ఆఫీసుకు వచ్చి మొత్తుకుంటున్నాడు. ఒక అధికారికి కావలసినవన్నీ చేసిపెట్టాడట, ఇప్పుడు ఆ అధికారి ఎదురుపడినా పలకరించడం లేదట. నేను మూల బల్ల దగ్గర టైపు కొడుతున్నాను. త్రినాథరావు గారు కుర్చీలో వెనక్కి వాలి హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

“సేఠ్‌జీ, మీరు చేసిన తప్పేమిటంటే పని పూర్తిగా చేసిపెట్టారు. పని పూర్తయితే మనిషి చేజారిపోతాడు. సగంలో ఉంచాలి. లేదనకూడదు, ఇవ్వనూకూడదు. నేను ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు సమ్మెలో ఉద్యోగాలు పోయిన డ్రైవర్లు ఉండేవారు. వాళ్ళని తీసుకుంటామని పైనుంచి మాట వచ్చింది. నన్ను అడిగింది ఒక్కటే. వీళ్ళు మళ్ళీ గొడవ చెయ్యరు, నాది పూచీ అని ఒక ఫోను చెయ్యమన్నారు. ఫోను ఇదిగో, ఈ బల్ల మీదే ఉంది. చెయ్యలేదు. ఐదేళ్ళు నా జెండా మోశారు. డ్యూటీ చేతికొచ్చాక జెండా ఎవడు మోస్తాడు చెప్పండి?”

సేఠ్ పగలబడి నవ్వాడు. త్రినాథరావు గారూ నవ్వాడు. ఆ డ్రైవర్లలో ఒకడి కూతురు అదే గదిలో కూర్చుని ఉందని ఆయనకు తెలియక కాదు. నేను కుర్చీ, బల్ల, పంకా లెక్కలోకి ఎప్పుడో చేరిపోయాను. నవ్వు ఆపి నావైపు తిరిగి, “జ్యోతీ, టీ చల్లారిపోయింది, ఇంకో రెండు చెప్పమ్మా” అన్నాడు.

వెళ్ళి చెప్పాను. చక్కెర తక్కువ వెయ్యమని కూడా చెప్పాను, ఆయనకు షుగరు కాబట్టి. నా ఒళ్ళు మండిపోతోంది. టైపు మిషను ఎత్తి ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది. అది చాలా చిన్న శిక్ష అనిపించి ఆగాను.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. ఆమె ఏడవలేదు. పొయ్యి మీది మూకుడు దించి, అట్లకాడ చేతిలో పట్టుకుని గుమ్మం దాటింది.

“ఆడి గుమ్మంలోకెల్లి దుమ్మెత్తి పోస్తాను. ఆడి వంశం పేరెత్తి తిడతాను. ఒగ్గేయ్ నన్ను.”

“వెళ్తే ఏమవుతుందో తెలుసా? నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మా అని కాళ్ళకు దండం పెడతాడు. పేపరువాళ్ళని పిలుస్తాడు. తిట్లు ఆయనకు పలహారం అమ్మా. ఇన్నేళ్ళు అవి తినే పెరిగాడు.”

“మరేటి సెయ్యమంటావు? ఊరుకోమంటావేటి?”

“ఆయనకి అరగనిది ఏదో ఒకటుంటుంది. అది వెతకాలి.”

అది దొరకడానికి కొన్ని నెలలు పట్టింది. ఊరవతల కోనిలో కాలేజీ ఫంక్షను జరిగింది, సేఠ్ విరాళం ఇచ్చాడు గనుక ఆయన్నీ పిలిచారు. వేదిక మీద రెండో వరసలో కూర్చోబెట్టారు. ఆయన వెనక నేను ఫైలు పట్టుకుని నిలబడ్డాను. ఎవరు మైకు ముందుకు వెళ్ళినా ఆయన కుడిచెయ్యి మోకాలి మీద నుంచి లేచేది, మళ్ళీ దిగేది. పెదవులు కదిలేవి. ఆయన్ని మాట్లాడమని ఎవరూ అనలేదు. దండలు వేసేటప్పుడు పిలిచే కుర్రవాడు ఆయన పేరు మరిచిపోయి, “సేఠ్‌జీ ప్రతినిధి” అన్నాడు. పక్కనున్న ప్రిన్సిపాల్ జాలిపడి, “పాపం, ఒకప్పుడు ఎమ్మెల్యే” అని చెప్పాడు. ఆయన ఇంటి దగ్గర జీపు దిగి, “పాపం అంటాడా నన్ను!” అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టుకోలేదని మర్నాడు వంటమనిషి చెప్పింది.

నాకు కావలసింది దొరికింది. ఆయన తిట్టు తినగలడు, అవమానం దిగమింగగలడు, చెప్పు విసిరితే ఆ చెప్పు పట్టుకుని ఓట్లడగగలడు. జాలి మాత్రం ఆయన గొంతు దిగదు.

తొంభై నాలుగు మొదట్లో ప్రభుత్వం నిగమ్‌లకు, అంటే సర్కారు కార్పొరేషన్లకు, అధ్యక్షుల్ని వేయబోతోందని వార్త వచ్చింది. నిగమ్ అధ్యక్షుడంటే మంత్రి హోదా, కారు మీద లాల్ బత్తీ. ఆ ఎర్రలైటు మాట వింటే త్రినాథరావు గారి కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా మెరిసేవి. జాబితాలో ఆయన పేరు ఉంది. ఇంకొకరి పేరూ ఉంది. జిల్లా చూసే మంత్రి ఎటు మొగ్గితే అటు. అప్పుడు నేనే ఆయనతో అన్నాను.

“సార్, కొత్త అమావాస్యకి బస్తీలో నూకాలమ్మ సంబరం. మావాళ్ళు మిమ్మల్ని సన్మానిస్తారట. మంత్రిగారి మనిషినీ, సేఠ్‌జీనీ తీసుకొస్తే మీ వెనక ఎంత జనం ఉన్నారో వాళ్ళే చూస్తారు కదా.”

ఆయన నావైపు మెచ్చుకోలుగా చూశాడు. “అచ్ఛా! నీకూ రాజకీయం వంటబట్టిందే” అన్నాడు.

వంటబట్టింది.

బస్తీలో అసలు సంగతి తెలిసింది ముగ్గురికే. అమ్మకి, నాకు, సూర్యానికి. సూర్యం కూడా సమ్మెలో డ్యూటీ పోయిన ఇంజను ఫైర్‌మనే. ఇప్పుడు మైకు సెట్లు అద్దెకిస్తాడు. సంబరానికి మైకు అతనిదే. “ఏం జరిగినా మైకు ఆపకు బాబాయ్” అని మాత్రం చెప్పాను. మిగతావాళ్ళకి అమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది వేరు. “తినాదరావు బావుకి సీటు పోయింది కదా, అదీ డ్యూటీ పోయినట్టే కదా. మనవెవులం ఆయనింటికి సోలెడు బియ్యం అట్టికెల్లలేదు. కట్టుబాటు తప్పింది. అమ్మోరు ఊరుకుంటదేటి?” అంది. ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. నిజమే, తప్పు జరిగిపోయింది, ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టనేలేదు అనుకున్నారు. వాళ్ళ మనసుల్లో కల్మషం లేదు. ఆ లేకపోవడమే మాకు కావలసింది.

సంబరం రోజు సాయంత్రం పందిరి కిక్కిరిసింది. డప్పులు మోగాయి. ఘటాలు వచ్చాయి, పసుపునీళ్ళు పోశారు. ముందు వరసలో సేఠ్, ఆయన పక్కన మంత్రిగారి మనిషి, ఆ పక్కన హిందీ పత్రిక విలేకరి. వేదిక మీద త్రినాథరావు గారు తెల్లటి ఖద్దరులో, మెడలో బంతిపూల దండతో వెలిగిపోతున్నాడు. శాలువా కప్పారు. ఆయన జనాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు తనివితీరా చూసుకున్నాడు.

అప్పుడు మా అమ్మ పెద్ద ఇత్తడి గిన్నె తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. కొంగులోంచి సోలెడు బియ్యం అందులో పోసింది. మైకు దగ్గరికి వెళ్ళింది.

“బావు మనోడు. మనకోసం అరిసినోడు. సీటు పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు పాపం ఆ సేటు దగ్గిర కూలికి కుదురుకున్నాడు. ఇదివరకు ఆయన మాటకి ఊరు కదిలీది. ఇప్పుడు ఎవులూ ఇనరు. ఇనరని మనవు ఒగ్గేస్తామేటి? మన ఇంట్లో మనిషి కాదేటి? రండర్రా, పొయ్యండి.”

ఒక్కొక్కరూ వచ్చారు. ముసలివాళ్ళు, బాలింతలు, కూలికి వెళ్ళి అలాగే వచ్చినవాళ్ళు. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడకూడదు కనుక. గిన్నెలో బియ్యం పడుతున్న చప్పుడు మైకులోంచి పందిరంతా వినిపించింది. త్రినాథరావు గారు మొదట నవ్వబోయాడు. తరవాత “వద్దమ్మా, వద్దు” అన్నాడు. వద్దనకూడదని ఆయనకూ తెలుసు. ఒక ముసలామె బియ్యం పోసి, ఆయన గడ్డం పుణికి, కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు నిజమైనవి. ఆయన మొహం కందగడ్డ అయింది.

సేఠ్ పక్కనున్న కుర్రవాణ్ణి అడిగాడు, “యే క్యా హో రహా హై?”

“పనీపాటా లేనివాళ్ళకి బస్తీవాళ్ళు బియ్యం ఇస్తారు సేఠ్‌జీ” అని వాడు హిందీలో చెప్పాడు. సేఠ్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మంత్రిగారి మనిషికి ఆ మర్యాద కూడా లేదు, పైకే నవ్వేశాడు.

త్రినాథరావు గారు ఆ నవ్వు విన్నాడు. లేచి ఒక్క అంగలో మైకు దగ్గరికి వచ్చాడు. మొదట తెలుగులోనే మొదలుపెట్టాడు.

“అమ్మా అప్పలనర్సమ్మా, నువ్వు పెద్దదానివి. నీకు తెలీదు. నా మాట ఎవరూ వినరంటావా?”

“ఎవులింటారు బావు?” అమ్మ జాలిగా అడిగింది. “ఇంటే నీకీ గతేటి?”

అంతే. ఆయనకు కోపం వస్తే హిందీయే వచ్చేది. ఆ రోజూ వచ్చింది. “నా మాట వినరా? మంగ్లా పొలాల ఫైలు ఎవరు కదిలించారు? ఈ సేఠ్ వల్ల అయ్యేదా?” అంటూ భోపాల్‌లో ఏ కార్యదర్శి సంతకం పెట్టాడో పేరుతో సహా చెప్పాడు. ఆ సంతకానికి ముందు తను ఎవరి ఇంట్లో కూర్చున్నాడో చెప్పాడు. మంత్రిగారి మనిషివైపు వేలు చూపించి, “మీ మంత్రి పొద్దున లేచి మొదట నాకు ఫోన్ చేస్తాడు. నేను చెయ్యమంటే చేస్తాడు, వద్దంటే మానేస్తాడు. ఆయన నా జేబులో ఉన్నాడు, ఈ జేబులో!” అని ఖద్దరు జేబు మీద చరిచాడు. జేబులో ఇంకా ఎవరెవరున్నారో వరసగా చెప్పుకుపోయాడు. ఆ పేర్లు ఇక్కడ రాయను, కొందరు ఇంకా పదవుల్లో ఉన్నారు. నాలుగేళ్ళుగా మడిచి పెట్టుకున్న నాలిక ఒక్కసారిగా విచ్చుకుంది. నోరా, వీపుకు తేకే అన్న సామెత మావాళ్ళలో చంటిపిల్లలకు కూడా వచ్చు.

సూర్యం మైకు ఆపలేదు. ఇంకొంచెం పెంచాడు కూడా.

మంత్రిగారి మనిషి ప్రసాదం తీసుకోకుండా లేచి వెళ్ళిపోయాడు. సేఠ్ కూడా లేచాడు. విలేకరి ఒక్కడే కూర్చుని రాసుకున్నాడు. త్రినాథరావు గారు ఆ ఖాళీ కుర్చీలు చూసి మాట మధ్యలో ఆగిపోయాడు. అప్పుడు బస్తీజనం చప్పట్లు కొట్టారు. మా బావు మాట ఇంకా చెల్లుతోందని వాళ్ళు నిజంగానే సంతోషించారు.

మర్నాడే ఆ మాటలన్నీ పత్రికలో వచ్చాయి. వారంలోపే నిగమ్ జాబితా వచ్చింది, అందులో రెండో ఆయన పేరు ఉంది. సేఠ్ పెద్దగా ఏమీ అనలేదు. “విధాయక్‌జీ, మీరు విశ్రాంతి తీసుకోండి” అన్నాడు, డ్రైవర్ని పంపి జీపు తెప్పించుకున్నాడు. నన్ను మాత్రం తన ఆఫీసులో పెట్టుకున్నాడు. టైపు వచ్చినవాళ్ళతో ఎవరికీ పేచీ ఉండదు. సేఠ్ దగ్గరికి వెళ్ళిపోయే ముందు త్రినాథరావు గారు చెప్పిన నంబర్లన్నీ నేనే కలిపాను. సాబ్ స్నానంలో ఉన్నారు, సాబ్ పూజలో ఉన్నారు, సాబ్ ఊళ్ళో లేరు. ఒక్కో జవాబూ ఆయనకు అప్పగించేటప్పుడు నా మొహం ఎంతో వినయంగా పెట్టుకున్నాను. లోపల మాత్రం పండగే. ప్రతీకారం తీర్చుకుంటే మనసు బరువెక్కుతుందని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్ళు ఎన్నడూ తీర్చుకుని ఉండరు. నాకు ఆ రోజుల్లో అన్నం రుచిగా ఉండేది.

ఆయన అక్కడితో ఊరుకోలేదు. రాజకీయం చేసినవాడు ఊరుకోడు. మంత్రి ఇంట్లో ఎవరినో పట్టుకున్నాడు. వాళ్ళు ఒక దారి చెప్పారు. ఆయన బస్తీలో ఆ మాటలు అన్నాడనడానికి పత్రిక సాక్షిగా చూపిస్తున్నది మా అమ్మనే. ‘డ్రైవరు భార్య అడిగిన ప్రశ్నకు జవాబుగా’ అని రాశారు. ఆమె మంత్రి దిగే సర్క్యూట్ హౌస్‌కి వచ్చి, ఈయన ఏ పేర్లూ చెప్పలేదు, పేపరువాళ్ళు కల్పించారు అని మంత్రి ముందు అంటే చాలు. మంత్రికీ ఆ మాట అవసరమే. అది వస్తే మళ్ళీ ఇంట్లోకి రానిస్తారు.

ఎండాకాలంలో ఒకరోజు పట్టాలు దాటి, నడిచి, మా గుమ్మంలోకి వచ్చాడు. ఖద్దరు చెమటకు వీపుకి అతుక్కుపోయింది. అమ్మ స్టూలు వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది.

“ఒక్క మాట చెప్పమ్మా. నా బతుకు నీ చేతిలో ఉంది.”

“అలగే బావు, సెప్తాను. నాకేటి పోయింది? ఈ అమాసెల్లనీ.”

అమావాస్య వెళ్ళాక వచ్చాడు. మోకాలి నొప్పి తగ్గనీ అంది. తగ్గాక వచ్చాడు. కూతురికి సెలవు దొరకనీ, ఒక్కదాన్నే రాలేను అంది. మంత్రి ఊళ్ళోకి వచ్చాడు, వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ప్రతిసారీ అమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, షుగరు ఎలా ఉందని అడిగి, రేపు రమ్మని పంపేది. ఒక్కసారి కూడా లేదనలేదు.

నాకే విసుగొచ్చింది. “రానని మొహం మీదే చెప్పేయరాదా?” అన్నాను.

అమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. “లేదంటే ఆడు ఇంటికెల్లి పడుకుంటాడే. లేదన్న మాటంత సుకం ఇంకోటి లేదు. మీ అయ్యకి ఆ సుకం ఇచ్చేడేటి ఆడు?”

ఆమె మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు.

వానలు పడ్డాక ఒక ఆదివారం పొద్దున వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు, గడ్డం గీసుకోలేదు. మర్నాడు మంత్రి వస్తున్నాడని, ఇదే ఆఖరి అవకాశమని చెప్పాడు. అమ్మ అంతా విని, తల ఊపి, ఎప్పటిలాగే అంది.

“అలగే బావు. నానెప్పుడు కాదన్నాను? రేపు రా.”

ఆయన లేచి గుమ్మం దిగాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి అమ్మను చూశాడు. తరవాత నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ఈ విద్యలో ఆరితేరిన మనిషికి తన చేతిపని తను గుర్తుపట్టడానికి ఇంతకాలం పట్టింది. గుర్తుపట్టాడు. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. ఈ క్షణం కోసమే నేను ఏడాదిగా కాచుక్కూర్చున్నాను. తిడతాడు, శాపాలు పెడతాడు, అప్పుడు మా నాన్న పేరు చెప్పి మొహాన ఉమ్మాలి అనుకున్నాను. మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

“రేపు ఎప్పుడు రమ్మంటావమ్మా? పొద్దున్నా, సాయంత్రమా?”

“పొద్దున్నే రా బావు” అంది అమ్మ.

ఆయన తల ఊపి, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని, పట్టాల వైపు వెళ్ళిపోయాడు. అమ్మ లోపలికి వచ్చి గోడకి చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాన్న పోయాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది, నన్నూ రమ్మని చెయ్యి ఊపుతోంది.

నేను గుమ్మంలోనే ఉండిపోయాను. ఆ సోమవారాలన్నీ మా నాన్న నమ్మకంతో వెళ్ళాడనే నేను అనుకుంటూ వచ్చాను. అమాయకుడు, మోసం కనిపెట్టలేకపోయాడు అనుకున్నాను. వందల మైళ్ళు బండి నడిపిన మనిషి, ఎదుటివాడి మొహం చదవలేని మనిషి కాదు. త్రినాథరావుకి తెలిసిపోయినట్టే ఏదో ఒక సోమవారం మా నాన్నకీ తెలిసిపోయే ఉంటుంది. తెలిశాక కూడా రేపెప్పుడు రమ్మంటారని అడిగే ఉంటాడు. అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. ఆమెకు ఆ మాట చెప్పలేదు.